ఎలిజబెత్తు ఫ్రై దొరసానిగారు తెరచిన బడి

లండను నగరమందలి న్యూగేటు చెరసాల యొకప్పుడు ఇంగ్లండు దేశమంతట భయంకరమని పేరుపొందినది. 1813వ సంవత్సరమున ఎలిజబెత్తు ఫ్రై అను క్వేకరు స్త్రీ యందలి స్త్రీల భాగములోనికి తొలిసారి ప్రవేశించెను. సుమారు 300 మంది స్త్రీలు తమ బిడ్డలతో రెండు వార్డులలోను రెండు కొట్లలోను క్రిక్కిరిసి, పరుపులు లేక నేలపై నిద్రించుచు, అక్కడనే వండుకొని, అక్కడనే బట్టలుతుకుకొనుచుండిరి. విచారణ కానివారును ఉరిశిక్ష పడినవారును ఒక్కచోటనే యుండిరి.

ఈమె 1780వ సంవత్సరము మే 21వ తేదీన నార్విచి పట్టణమున గర్నీ యను ధనిక కుటుంబమున జన్మించెను. పండ్రెండవ యేట తల్లిని పోగొట్టుకొనెను. 1800లో జోసెఫ్ ఫ్రైగారిని వివాహమాడి, పదునొకండుగురు బిడ్డలకు తల్లియయ్యెను. 1813లో చెరసాల బిడ్డలకు బట్టలు పంచి వెళ్లిన యామె, మరల వచ్చుటకు మూడేండ్లకు పైగా పట్టెను. ఆ నడుమ 1815లో తన చిన్న కుమార్తె మరణించెను. ఈ యాలస్యమునకు మేమామెను తప్పుపట్టజాలము. ఇల్లు నడుపు తల్లులకు దీని సంగతి తెలియును.

1816వ సంవత్సరాంతమున మరల వచ్చి, తల్లులతో కూర్చుండి, మీ బిడ్డలకు బడి యొకటి పెట్టుకొందమా యని యడిగెను. ఆజ్ఞ యీయలేదు, అడిగెను. వారు సంతోషముతో నొప్పుకొనిరి. ఉపాధ్యాయురాలి నెన్నుకొను పనియు వారికే విడిచెను. వారు తమలోనే చదువు వచ్చిన మేరీ కానర్ అను యువతిని ఎన్నుకొనిరి. ఈమె గడియారము దొంగిలించిన నేరముపై చెరలో నుండెను. చోటు లేదని యధికారులు చెప్పగా, ఫ్రై దొరసానిగారు ఒక ఖాళీ కొట్టును సంపాదించి, మరునాడే బడి తెరచెను. అందు ముప్పదిమందికి మించి పట్టరు. యౌవన స్త్రీలు ద్వారముకడ గుమిగూడి, తమకును నేర్పుమని వేడుకొనిరి. ట్రెయినింగు పాఠశాలలో మేము గొప్ప బోధకుల పేర్లెన్నో వల్లెవేసితిమి గాని, ఈ మేరీ పేరు మాకెవరును చెప్పలేదు.

పెద్దవారికి పని నేర్పుటయే కష్టమయ్యెను. బట్టయు నూలును దొంగిలింపబడునని నగరాధికారులు తల లూచిరి. అయినను 1817 ఏప్రిలులో కొందరు స్త్రీలతో సంఘమొకటి యేర్పడెను. తిట్లు, జూదము, బిచ్చమెత్తుట కూడదను నియమములను చదివి, ఒక్కొక్కదానికి ఖైదీలు చేతులెత్తి సమ్మతింపగా మాత్రమే అమలుపరచిరి. పండ్రెండుగురికి మించని తరగతికొక మానిటరు, అందరిపైని ఒక మేట్రన్ ఏర్పడిరి. కుట్టుపనియు మేజోళ్ల యల్లికయు సాగెను. ఆస్ట్రేలియా ఖైదీలకు బట్టలు పంపు వర్తకుల యొద్దకు దొరసానిగారు పోయి, మీ వ్యాపారములో కొంత తీసికొన వచ్చితినని దాచక చెప్పగా, వారు పని యిచ్చిరి. 1818లో పార్లమెంటు ఉపసంఘము నెదుట ఆమె సాక్ష్యమిచ్చునాటికి సుమారు 20,000 వస్తువులు తయారయ్యెను. కుట్టినవారికి కూలియు ముట్టెను.

మేరీకి క్షమాభిక్ష లభించెను. కాని అప్పటికే క్షయ పట్టియుండుటచే, ఆ స్వేచ్ఛ ననుభవింపకయే మరణించెను.

1823 నాటి చట్టము స్త్రీఖైదీలపై స్త్రీలే కావలియుండవలెనని విధించెను. 1828లో ఫ్రైగారి బ్యాంకు దివాలా తీసెను. భర్తను క్వేకరు సంఘము వెలివేసెను. ఆమె ధర్మకార్యములే యింటిని ముంచెనని అపనిందయు వచ్చెను. ఇల్లు విడిచి చిన్న యింటికి మారినను, ఆమె చెరసాలలకు పోవుట మానలేదు. 1845 అక్టోబరు 12వ తేదీన రామ్స్‌గేటులో మరణించెను.

ద్వీపాంతరశిక్ష పడిన స్త్రీలకు ఓడ యెక్కునప్పుడు ఆమె సంఘమువారు సూదులు, దారము, గుడ్డపీలికలు ఇచ్చుచుండిరి. దీర్ఘప్రయాణమున చేతులకు పని యుండవలెనని వారి తలంపు. 1841లో రాజా యను ఓడలో టాస్మేనియాకు పోయిన స్త్రీలు ఆ పీలికలతో పెద్ద బొంత యొకటి కుట్టి, దానిపై సంఘమువారికి తమ కృతజ్ఞతను దారముతో వ్రాసిరి. అందు 2,800కు పైగా ముక్కలున్నవి. ఆ బొంత నేడు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ కళాప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. కొన్ని కుట్లు నేర్పరి చేతివి, కొన్ని క్రొత్తగా సూది పట్టినవారివి.