అద్దము పట్టిన ప్రభువు

ఫ్రాన్సు దేశపు గొప్ప ప్రభువంశమున 1613లో జన్మించిన లా రోష్‌ఫుకో యౌవనమున కత్తినే నమ్ముకొనెను. రిషెల్యూ మంత్రికి విరోధియై బాస్టీలు చెరసాల చూచెను. పిదప ఫ్రోండు తిరుగుబాటున చేరి, 1652లో పారిస్ పొలిమేర యుద్ధమున తుపాకిగుండు ముఖమున తగిలి, కొంతకాలము చూపు కోల్పోయెను. ఆశించిన పదవి దక్కలేదు, ఆస్తి చితికెను.

ఓడినవాడు లోకమును నిందించుట సహజము. ఈయన మాత్రము మనుష్యస్వభావమును, అందు తన స్వభావమును గూడ, పరీక్షింప మొదలిడెను. మదాం ద సాబ్లే ఇంటి గోష్ఠులలో మిత్రులు సూక్తులు వ్రాసి, పరస్పరము సవరించుకొనెడివారు. అచట సానపట్టిన వాక్యములే 1665లో ‘మాక్సిమ్స్’ అను గ్రంథమైనవి.

దానము, వినయము, కృతజ్ఞత అను తెరల వెనుక తరచుగా ఆత్మప్రీతియే దాగియుండునని ఆ గ్రంథసారము. దానమిచ్చుచు నలుదెసల చూచువానిని, పొగడ్త వలదనుచు చెవియొగ్గువానిని ఎరుగనివారెవరు? మదాం ద లా ఫాయెత్ తొలుత చదివి కలతచెందెను. పిమ్మట ఆయనకు ఆప్తమిత్రమయ్యెను. ఆయనయు కూర్పు కూర్పునకు దిద్దుచు, 1678 నాటి ఐదవ కూర్పున 504 సూక్తులు నిలిపెను.

పరులు మెచ్చుటకై ఏడ్చువారిని ఎత్తిచూపిన ఈ ప్రభువు, 1672లో రైను నది దాటు పోరున కుమారుని కోల్పోయెను. ఆనాటి ఆయన ధైర్యమును, ఆర్ద్రతను మదాం ద సెవిన్యే తన లేఖలలో కొనియాడినది. 1680లో ఆయన కన్నుమూసెను. నిజమైన కన్నీరు ఎరిగినవాడు గనుకనే కపటపు కన్నీటిని గుర్తింపగలిగెను.