ఇయాన్ డోనాల్డ్

ఇయాన్ డోనాల్డ్ (డిసెంబర్ 27, 1910 - జూన్ 19, 1987) ప్రసూతి వైద్యములో అల్ట్రాసౌండ్ పరీక్షకు ఆద్యుడిగా పేరుగాంచిన బ్రిటిష్ వైద్యుడు. ఎక్స్-రే అవసరము లేకుండా గర్భస్థ శిశువును చూసే మార్గమును ఈయన వైద్యలోకానికి చూపించాడు.

బాల్యము, విద్య

డోనాల్డ్ ఇంగ్లాండులోని కార్న్‌వాల్ ప్రాంతమునకు చెందిన లిస్కర్డ్ పట్టణములో, స్కాటిష్ వైద్యుల కుటుంబములో జన్మించాడు. కొంతకాలము దక్షిణ ఆఫ్రికాలో చదివి, 1937లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాల నుండి పట్టా పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో రాయల్ ఎయిర్ ఫోర్స్ వైద్యాధికారిగా పనిచేస్తూ రాడార్, సోనార్ పరికరముల గురించి తెలుసుకున్నాడు. మండుతున్న విమానము నుండి సైనికులను కాపాడినందుకు 1946లో ఎం.బి.ఇ. పురస్కారము లభించింది.

అల్ట్రాసౌండ్ పరిశోధన

1954లో గ్లాస్గో విశ్వవిద్యాలయములో ప్రసూతిశాస్త్ర ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. 1955 జులైలో, శస్త్రచికిత్సలో తొలగించిన కణితులను రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కర్మాగారమునకు తీసుకొనివెళ్ళి, లోహములో పగుళ్ళను పసిగట్టే యంత్రముతో పరీక్షించాడు. ద్రవముతో నిండిన తిత్తి, గట్టి కణితి వేరువేరు ప్రతిధ్వనులను ఇస్తాయని గమనించాడు. ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి ఈ పద్ధతిని అభివృద్ధి చేశాడు. నయము కాని క్యాన్సరని భావించిన ఒక స్త్రీకి ఉన్నది అండాశయపు తిత్తి మాత్రమేనని ఈ పరీక్షలో తేలింది. శస్త్రచికిత్సతో ఆమె కోలుకున్నది. ముగ్గురి పరిశోధనా వ్యాసము 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో వెలువడింది. తల్లి మూత్రాశయము నిండుగా ఉన్నప్పుడు తొలి వారాల గర్భము కూడా స్పష్టముగా కనిపిస్తుందని 1960వ దశకములో డోనాల్డ్ బృందము చూపించింది.

రక్తవ్యాధుల నిర్ధారణలో ఉపయోగము

తల్లిదండ్రులిద్దరూ థలసీమియా లేదా సికిల్ సెల్ వ్యాధి వాహకులైతే, ప్రతి గర్భములోనూ శిశువుకు వ్యాధి వచ్చే అవకాశము 25 శాతము. బీటా థలసీమియా, సికిల్ సెల్ వ్యాధులు సాధారణముగా తొలి నెలల స్కానింగులో కనిపించవు. అయితే సుమారు 11వ వారము తరువాత, స్కానింగు తెర మీద చూస్తూ మాయ నుండి కొద్దిపాటి కణజాలము తీసి డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తారు. తీవ్రమైన ఆల్ఫా థలసీమియాలో మాత్రము మాయ మందము కావడము, శిశువు గుండె పెరగడము వంటి సూచనలు స్కానింగులోనే కనిపించవచ్చు.

అభిప్రాయములు

డోనాల్డ్ దైవభక్తి గల క్రైస్తవుడు. బ్రిటన్‌లో గర్భస్రావమును విస్తృతముగా అనుమతించిన 1967 నాటి చట్టమును తీవ్రముగా వ్యతిరేకించాడు. ఆయన ప్రవేశపెట్టిన పరీక్షయే తరువాతి కాలములో, వ్యాధి ఉన్న గర్భమును కొనసాగించాలా వద్దా అని తల్లిదండ్రులు నిర్ణయించుకొనుటకు ఆధారమైనది. భారతదేశములో ఆడపిండముల గుర్తింపునకు కూడా అది దుర్వినియోగమైనది. అందువలన 1994లో చేసిన చట్టము లింగనిర్ధారణను నిషేధించి, హిమోగ్లోబిన్ సంబంధిత వ్యాధుల వంటి వాటి నిర్ధారణకు మాత్రము గర్భస్థ పరీక్షలను అనుమతించింది.

చివరి దశ

డోనాల్డ్ గుండెజబ్బుతో బాధపడుతూ, పలుమార్లు శస్త్రచికిత్స చేయించుకొని కూడా పరిశోధన కొనసాగించాడు. 1973లో సి.బి.ఇ. పురస్కారము పొందాడు. 1976లో పదవీ విరమణ చేసి, 1987లో ఎసెక్స్‌లోని పాగుల్‌షామ్‌లో మరణించాడు.