అమరగాయకుడు ఘంటసాల

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడుతుంటే బాలఘంటసాల నాట్యమాడేవారు. కుమారుణ్ణి విద్వాంసుణ్ణి చేయాలన్న కోరిక తీరకుండానే సూరయ్య కన్నుమూశారు. తండ్రి కోరిక నెరవేర్చడానికి ఘంటసాల చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను శిష్యుడిగా స్వీకరించారు. గురువూ పేదవారే. అందువల్ల ఘంటసాల జోలె పట్టి మధుకరం చేసి ఆకలి తీర్చుకుంటూ సంగీతం అభ్యసించారు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. అనంతరం మద్రాసు చేరి చలనచిత్ర సంగీతంలో స్థిరపడ్డారు. 1951లో ‘పాతాళభైరవి’కి స్వరాలు కూర్చారు. 1957లో ‘మాయాబజార్’ ఆయన కీర్తిని శిఖరానికి చేర్చింది. సాలూరు రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి విరమించగా, మిగిలిన సంగీత బాధ్యతను ఘంటసాల నిర్వహించారు. ఆ పాటలు గ్రామఫోను రికార్డుల ద్వారా పల్లెపల్లెకూ చేరాయి.

1970లో పద్మశ్రీ పురస్కారం ఆయనను వరించింది. 1971లో ఐరోపా, అమెరికాలలో కచేరీలు చేశారు. అనారోగ్యం బాధిస్తున్నా జీవిత చరమాంకంలో భగవద్గీతను గానం చేశారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ల వయసులో పరమపదించారు. పిడికెడు అన్నం కోసం గడపగడపకూ తిరిగిన ఆయన, తరగని గానసంపదను తెలుగువారి ఇంటింటికీ పంచి వెళ్లారు.