సేమ్యా పేరుతో వెక్కిరింపబడిన దర్శకుడు

కళాశాల సంచికలో సినిమా దర్శకుని జీవితమా అని పెద్దలు కొందరు బొమలు ముడవవచ్చు. అయినా ఒక ఎగతాళి పేరు ఒక కళాకారుణ్ణి ఎంత దూరం వెంబడించిందో చెప్పదలచి మేము ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అమెరికా పశ్చిమసీమ కథాచిత్రాలను ఆ దేశంవారే చులకనగా 'గుర్రపు ఒపెరా' అనేవారు. ఓట్సు మేసే గుర్రాలు తెరనిండా కనిపిస్తాయి కనుక 'ఓటర్' అనీ అన్నారు. (మన ఎన్నికల ఓటరుకూ దీనికీ చుట్టరికం లేదు.) ఇటలీవారు అట్టి చిత్రాలు తీయసాగగానే, మన సేమ్యాను పోలిన వారి ఆహారం పేర 'స్పగెటీ వెస్టర్న్' అన్న వెక్కిరింత పుట్టింది. జపానువారు 'మాకరోనీ వెస్టర్న్' అన్నారు. ఆ బరువును అందరికంటె ఎక్కువగా మోసినవారు సెర్జియో లియోనీ.

ఆయన 1929 జనవరి 3న రోములో జన్మించారు. తల్లి నటి. తండ్రి విన్సెంజో, రొబెర్తో రొబెర్తి అనే పేరుతో మూకీచిత్రాలకు దర్శకత్వం వహించినవారు. లియోనీ చాలా ఏండ్లు సహాయకుడుగా శ్రమించి, 1961లో 'ది కొలోసస్ ఆఫ్ రోడ్స్' తీశారు.

1964లో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' వచ్చింది. స్వల్పమైన పెట్టుబడి, అమెరికా ఎడారికి బదులు స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారి, 15,000 డాలర్లకు ఒప్పుకున్న టెలివిజన్ నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్. ఇటలీ పేరు చూస్తే ప్రేక్షకులు నమ్మరన్న జంకుతో దర్శకుడు బాబ్ రాబర్ట్‌సన్ అని వేసుకున్నారు. అంటే రాబర్టు కొడుకు! పేరు దాచుకుంటూనే తండ్రిని తలచుకున్న ఆ కొడుకు మాకు మిక్కిలి ఆత్మీయుడనిపిస్తాడు. అయితే కథ కురొసావా తీసిన 'యోజింబో'ది. అనుమతి అడగకపోవడం తప్పే. ఆదాయంలో 15 శాతం జపానువారికి ముట్టజెప్పవలసివచ్చింది.

తర్వాతి రెండు చిత్రాలతో, బాల్యంలో సహాధ్యాయి అయిన మోరికోనే సంగీతంతో ఆయన కీర్తి ఖండాలు దాటింది. 1971లో మన కృష్ణగారు గుర్రమెక్కిన 'మోసగాళ్ళకు మోసగాడు'లో ఆ ఛాయ స్పష్టం. 1975 నాటి 'షోలే'ను కొందరు 'కర్రీ వెస్టర్న్' అన్నారు. వెక్కిరింతకూ వంశవృక్షముంటుంది కాబోలు!

1984లో 229 నిమిషాల 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా'ను అమెరికా పంపిణీదారులు 139 నిమిషాలకు కోసివేశారు. ఆ గాయం ఆయనను బాధించింది. లెనిన్‌గ్రాడ్ ముట్టడిపై చిత్రానికి సన్నాహాలు చేస్తూ, 1989 ఏప్రిల్ 30న, అరవయ్యవ ఏట, గుండె ఆగి మరణించారు.