రాళ్లు సున్నమైనా బొమ్మలు మిగిల్చిన మెకంజీ

గణపురం కోటగుళ్ల ముందు నిలబడితే కప్పులేని మండపాలు, ఒరిగిన స్తంభాలు కనిపిస్తాయి. కాకతీయులనాడు అవి కట్టినప్పుడు శిఖరం ఎంత ఎత్తున ఉండేదో, ఏ రాయి మీద ఏ రాయి కూర్చునేదో తెలిపే ఆనాటి నక్ష ఏదీ మనకు చేరలేదు. జనగామ దగ్గరి ఖిలాషాపురంలో సర్వాయి పాపన్న కట్టించిన కోట బురుజుల సంగతీ అంతే. ఊళ్లలో పాత గడీలు, మండువా ఇండ్లు కూలుతుంటే వాటి దర్వాజాలూ దూలాలూ తలా ఒకరు తీసుకుపోతారు. నాలుగేండ్లు పోతే అక్కడ ఇల్లుండేదన్న సంగతి ముసలివాళ్లకు తప్ప తెలియదు. కట్టడం నిలిచి ఉండగానే దాన్ని కొలిచి, కాగితం మీదికి ఎక్కించి, రంగు వేసి దాచాలని తెలుగు నేల మీద తొలిరోజుల్లోనే పట్టుబట్టినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ.

చరిత్ర చదివినవారికి మెకంజీ అనగానే కైఫీయత్తులు గుర్తుకొస్తాయి. ఆయన పోగుచేసిన బొమ్మల సంగతి తెలిసినవారు తక్కువ. ఆయన చనిపోయాక లెక్క తీస్తే 2,630 చిత్రాలు తేలాయి. వాటిలో గుళ్లు, కోటలు, మసీదులు, కొండలు, ఊళ్లు, వేషభాషలు వేరువేరుగా ఉన్న జనం అందరూ ఉన్నారు.

మెకంజీ 1754లో స్కాట్లండుకు పడమట సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, స్టార్నవే అనే రేవు పట్నంలో పుట్టాడు. వయసు వచ్చాక అక్కడే సుంకాల కచేరీలో ఉద్యోగం చేశాడు. లెక్కలంటే ఆయనకు ప్రాణం. లాగరిథమ్ లెక్కలు కనిపెట్టిన జాన్ నేపియర్ వంశస్థుడొకడు తమ పూర్వీకుని చరిత్ర రాయించదలచి, హిందువుల గణితం గురించిన సమాచారం కావాలన్నప్పుడు ఆ పనిలో మెకంజీ తోడయ్యాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. అప్పటికి ఆయన వయసు ముప్పైకి దగ్గర. ఆ రోజుల్లో పదహారేండ్ల కుర్రవాళ్లే కొలువుకు వచ్చేవారు కనుక ఆయన ఆలస్యంగా వచ్చినట్టే లెక్క. మదురలో నేపియర్ వంశపు ఆడపడుచు ఇంట అక్కడి పండితులతో పరిచయం కలిగింది. పాత విషయాలు సేకరించాలన్న కోరిక ఆయనకు అక్కడే పుట్టిందంటారు.

కోరిక పుట్టింది కాని తీరిక దొరకలేదు. యుద్ధాలు, కోటల ముట్టడి, దారుల కొలతలు, ఇవే పనిగా పదమూడేండ్లు గడిచాయి. 1792లో టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధం ముగిశాక ఆయనను నిజాం రాజ్యంలోని ఇంగ్లీషు పటాలానికి ఇంజనీరుగా పంపారు. ఇప్పటి మన జిల్లాలన్నీ అప్పుడు నిజాం ఏలుబడిలోనివే. ఆ రాజ్యానికి సరైన పటం లేదు. నడిచే దారులే తప్ప బండ్ల బాటలు తక్కువ. వానకాలంలో వాగులు పొంగితే రోజుల తరబడి ఆగవలసిందే. ఆ స్థితిలో కొలతలు తీసి, 1796 నాటికి నిజాం రాజ్యపు పటాన్ని ఒక రూపానికి తెచ్చాడు. ఈ పని కంపెనీకి ఎందుకు కావలసివచ్చిందో దాచవలసిన పనిలేదు. సైన్యం నడవాలన్నా, శిస్తు కట్టించుకోవాలన్నా ముందు నేల తెలియాలి. మెకంజీ జీతం తిన్నది ఆ పనికే. గుళ్ల బొమ్మలు, పాత కథలు ఆయన ఆ పని పక్కన పెట్టుకున్న సొంత వ్యసనం. దానికి చాలావరకు తన జీతంలోంచే ఖర్చు పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే, 1794లో, నల్లమల అడవి దాటి శ్రీశైలం వెళ్లాడు. శివరాత్రికి మన పల్లెల నుంచి కాలినడకన పోయే ఆ కొండకు ఇంగ్లీషువారు పోవడం అప్పటికి అరుదు. గర్భగుడి చీకటిలో ఉన్న మల్లికార్జునుణ్ణి ఆయనకు చూపిన తీరు విచిత్రమైనది. బయట ఎండలో మెరుగుపెట్టిన అద్దం పట్టి, ఆ వెలుగును లోపలికి కొట్టించారు. అద్దం కదిలినప్పుడల్లా వెలుగు చెదిరింది. లింగం సరిగా కనబడీ కనబడక తళుక్కుమంది. ఆయన మాత్రం ప్రాకారం గోడల మీది శిల్పాలను తీరికగా చూశాడు. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు వరుసలుగా చెక్కి ఉన్న ఆ గోడను గురించి వివరంగా రాసుకున్నాడు. ఆ వ్యాసం 1798లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది.

1796లో ఏలూరు వాస్తవ్యుడు కావలి వెంకట బొర్రయ్య ఆయన దగ్గర పనికి కుదిరాడు. మెకంజీ జీవితంలో అంతకు ముందొక కాలం, ఆ తర్వాతొక కాలం. దేశభాషలు రాని దొరకు ఊరి కరణం నోరు విప్పడు, పూజారి తాళపత్రం చూపడు. గొలుసు పట్టుకుని కొలిచేవారు వచ్చారంటే శిస్తు పెరుగుతుందన్న భయం ఊళ్లో ముందు పుడుతుంది. బొర్రయ్య ఇరవై ఏండ్ల కుర్రవాడైనా నెమ్మదస్తుడు, నాలుగైదు భాషలు తెలిసినవాడు. ఎవరి దగ్గర ఎట్లా మాట్లాడాలో ఆయనకు తెలుసు. పాత కన్నడ లిపి శాసనాలను కూడబలుక్కుని చదవడం నేర్చాడు. ముప్పై ఏండ్లయినా నిండకుండానే 1803లో మరణించాడు. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం తలకెత్తుకున్నాడు. ఇంకొక తమ్ముడు రామస్వామి దక్కను కవుల మీద 1829లో ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశాడు.

వీరి కింద నారాయణరావు, ఆనందరావు వంటివారు ఊరూరా తిరిగి సంగతులు రాయించుకు వచ్చేవారు. ఊరు ఎవరు కట్టారు, గుడి ఎవరు నిలిపారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరివి అన్నవే ఆ కైఫీయత్తులు. గుంటూరు సీమ కైఫీయత్తులు చదివితే మన ఓరుగల్లు మాటిమాటికీ ఎదురవుతుంది. కాకతి గణపతిదేవుని మంత్రి గోపరాజు రామన్న తమకు కరణీకపు మిరాశీ ఇచ్చాడని అనేక ఊళ్ల కరణాలు రాయించారు. ఆ రాతల్లోని సంవత్సరాలు శాసనాలతో పొసగవు. మిరాశీ నిలుపుకోవాలన్న తాపత్రయం అందులో కొంత కలిసి ఉంటుంది. అయినా ఓరుగల్లు పడిపోయి అయిదు వందల ఏండ్లయిన తర్వాత కూడా కృష్ణ అవతల పల్లెల్లో కాకతీయుల పేరే హక్కుకు ఆధారమైందంటే వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాకతీయుల కథ చెప్పే ప్రతాపచరిత్ర ప్రతి కూడా మెకంజీ సంచయంలో చేరింది.

ఇక బొమ్మలు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు రాజ్యం కొలత ఆయనకు అప్పగించారు. అది పదేండ్ల పని, నలభై వేల చదరపు మైళ్ల నేల. హంపీ శిథిలాల పటం కూడా 1799లోనే తయారైంది. ఇంత పనికి నక్షలు గీసే చేతులు కావాలి. మద్రాసులో 1794లో పెట్టిన సర్వే బడి నుంచి కుర్రవాళ్లు వచ్చారు. వారిలో చాలామంది అనాథ శరణాలయంలో పెరిగిన పిల్లలు. తండ్రి తెల్ల సిపాయి, తల్లి ఈ దేశపు స్త్రీ. గొలుసు పట్టడం, కోణాలు కొలవడం, నక్ష గీయడం వారి చదువు. మెకంజీ వారిని గుళ్ల ముందు కూర్చోబెట్టాడు. ముందు పెన్సిలుతో గీత, ఆపైన సిరా, చివర నీళ్లలో పలచగా కలిపిన రంగు. నీటి రంగుకు సామాను తక్కువ, త్వరగా ఆరుతుంది, గుడారంలోనూ పని సాగుతుంది. అందచందాలకంటే కొలతకే అక్కడ విలువ. కట్టడాన్ని ఉన్నదున్నట్టు దింపాలి. లేని పూలచెట్టును ముందు నాటకూడదు. ఆ కాలంలో దేశం చూడవచ్చిన దొరల చిత్రాల్లో ఇటువంటి అలంకారాలు కొల్లలు.

ఈ పద్ధతి విలువ ఎంతో అమరావతిలో తేలింది. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1796లో తన రాజధానిని కృష్ణ ఒడ్డున అమరావతికి మార్చాడు. కొత్త ఊరికి ఇటుక, రాయి కావాలి. దగ్గరలో దీపాలదిన్నె అనే పెద్ద మట్టిదిబ్బ ఉంది. తవ్వితే పెద్ద పెద్ద ఇటుకలు, బొమ్మలు చెక్కిన తెల్లని పలకలు బయటపడ్డాయి. అది రెండువేల ఏండ్లనాటి బౌద్ధస్తూపమని అప్పుడు ఎవరికీ తెలియదు. కబురు విని 1797-98 ప్రాంతంలో మెకంజీ వెళ్లి చూశాడు. ఎక్కువకాలం ఆగలేకపోయాడు. రాసుకున్నది తీసుకుని కొలువుకు తిరిగిపోయాడు. తర్వాత టిప్పుతో యుద్ధం, మైసూరు కొలత, 1811లో జావా దండయాత్ర. జావాలోనూ ఊరుకోలేదు. 1812లో ప్రంబనన్ గుళ్లను చూసి బొమ్మలు గీయించాడు. ఆ దీవిలోనే పెండ్లి చేసుకున్నాడు.

మళ్లీ అమరావతికి వచ్చేసరికి 1816. నడుమ దాదాపు పద్దెనిమిదేండ్లు గడిచాయి. ఆ కాలంలో దిబ్బ నడుమ భాగాన్ని తవ్వి చెరువు చేశారు. పలకలు కొన్ని గుడి పనికి పోయాయి, కొన్ని శివగంగ చెరువు మెట్లయ్యాయి. ఆ రాయి సున్నపురాయి జాతిది కనుక చాలా పలకలను బట్టీలో కాల్చి సున్నం చేసుకున్నారు. ఒక్క జమీందారునే తప్పుపట్టి లాభం లేదు. ఇల్లు కట్టుకునేవాడికి చేతికందిన రాయే రాయి. కోటగోడ రాయి పశువుల కొట్టానికి చేరడం మన ఊళ్లలోనూ చూస్తున్నదే.

ఈసారి మెకంజీ ఒంటరిగా రాలేదు. అప్పటికి ఆయన భారతదేశానికంతటికీ సర్వేయర్ జనరల్. జాన్ న్యూమన్, హామిల్టన్ మొదలైన నక్షాకారులను అక్కడ ఉంచాడు. మిగిలిన పలకలను ఒక్కొక్కటే కడిగించి, కొలిపించి, చెక్కడంలో ఉన్న పువ్వూ మనిషీ గుర్రమూ వదలకుండా గీయించాడు. ఏ రాయి దిబ్బలో ఏ తావున దొరికిందో పటంలో గుర్తు పెట్టించాడు. ఈ పని 1817 దాకా సాగింది. ఆ కట్టడం జైనులదేమోనని మెకంజీ అనుకున్నాడు. అది పొరపాటే. అయితే బొమ్మ ఉన్నదున్నట్టు గీయించాడు కనుక ఆ పొరపాటు బొమ్మలోకి ఎక్కలేదు. తర్వాతివారు ఆ బొమ్మలు చూసే అసలు సంగతి గ్రహించారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీయించిన పలకలు మద్రాసుకు, వాటిలో చాలా భాగం అక్కణ్ణుంచి లండనుకు చేరాయి. మెకంజీ మనుషులు గీసిన పలకలు కొన్ని ఆ తర్వాత ఎక్కడా కనబడలేదు. వాటికి ఇప్పుడు కాగితం మీది బొమ్మే మిగిలింది.

1817లో ఆయన మకాం కలకత్తాకు మారింది. లక్ష్మయ్య, మరికొందరు ఇల్లూవాకిలీ వదిలి వెంట వెళ్లారు. పోగుచేసినదంతా వరసపెట్టి గ్రంథంగా రాయాలని మెకంజీ తలపోశాడు. ఆరోగ్యం చెడింది. 1821 మే 8న కన్నుమూశాడు. కలకత్తాలోని పార్క్ స్ట్రీట్ శ్మశానంలో పూడ్చారు. అనుకున్న గ్రంథంలో ఒక్క పేజీ అచ్చుకాలేదు. చిత్రాలతోపాటు 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు, మూటలకొద్దీ తాళపత్రాలు ఆయన భార్య చేతిలో మిగిలాయి. కంపెనీ లక్ష రూపాయలిచ్చి కొన్నది. విల్సన్ అనే పండితుడు 1828లో వాటి జాబితా అచ్చువేశాడు. చిత్రాల్లో ఎక్కువ భాగం లండను చేరింది. కైఫీయత్తులు మద్రాసుకు వచ్చాయి. సి.పి. బ్రౌన్ వాటిలో చాలావాటికి నకళ్లు రాయించాడు.

సగంలో ఆగిన పనిని తాను సాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. ఏండ్ల తరబడి ఆ పనిలో మునిగి తేలినవాడు. ఏ మూటలో ఏముందో ఆయనకంటే తెలిసినవారు లేరు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు దేశీయుడికి అంత శక్తి చాలదని తేల్చారు. లక్ష్మయ్య మద్రాసులో 1830లలో హిందువుల కోసం ఒక సాహిత్య సంఘం పెట్టి తనకు చేతనైనంత చేశాడు.

అమరావతి పని మొదలైన 1816లోనే థామస్ హికీ అనే చిత్రకారుడు మెకంజీ నిలువెత్తు పటం వేశాడు. అదిప్పుడు లండనులో ఉంది. ఎర్రకోటు వేసుకుని దొర నడుమ నిలబడ్డాడు. వెనక కొండ మీద కార్కళ గోమటేశ్వరుడు కనిపిస్తాడు. దొర ఒక్కడినే వేయించుకోలేదు. తాళపత్రాలు పట్టుకున్న జైన పండితుడు ధర్మయ్య, దుర్బిణి పట్టుకున్న బంట్రోతు కిష్టాజీ, వారితోపాటు ఏలూరు కావలి లక్ష్మయ్య పక్కనే నిలబడి ఉన్నారు. అమరావతి బొమ్మల అడుగున కూడా గీసినవాడి పేరు, గీసిన తేదీ రాసి ఉన్నాయి.