మస్జిదె నబవీలో గాయపడినవారి డేరా: హజ్రత్ రుఫైదా (రజి)

హిజ్రీ 5వ సంవత్సరం, అంటే క్రీస్తుశకం 627. మదీనాకు ఉత్తరాన తవ్విన కందకానికి అవతల ఖురైషులు, వారి మిత్ర తెగలు కలిసి సుమారు 10,000 మంది విడిది చేశారు. ఇవతల ముస్లిములు 3,000 మంది. కందకం దాటి రావడం శత్రువుల వల్ల కాలేదు. అందుకే ఆ ముట్టడిలో కత్తుల పోరు తక్కువ, బాణాల వర్షం ఎక్కువ. ఔస్ తెగ నాయకుడు హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) పొట్టి కవచం తొడుక్కుని యుద్ధానికి బయలుదేరారు. భారీ మనిషి కావడంతో చేతులు కవచం బయటికి వచ్చేశాయి. తొందరగా వెళ్లమని కొడుకును పురమాయిస్తున్న ఆయన తల్లి ప్రక్కనే ఉన్న హజ్రత్ ఆయిషా (రజి) ఆ కవచాన్ని చూసి, ఇంకాస్త నిండుగా ఉంటే బాగుండేదని భయపడ్డారు. ఆ భయమే నిజమైంది. హిబ్బాన్ అనే ఖురైషీ విడిచిన బాణం సాద్ గారి చేతికి తగిలి, అరబ్బులు అక్‌హల్ అని పిలిచే పెద్ద రక్తనాళాన్ని తెంపేసింది.

అప్పుడు ఆయనను ఎక్కడికి తీసుకువెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. ఆయనకు సొంత ఇల్లు ఉంది, తల్లి ఉంది, వెనుక పెద్ద తెగ ఉంది. అయినా దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆయనను ఇంటికి పంపలేదు. రుఫైదా (రజి) డేరాకు చేర్చమన్నారు. ఆ డేరా ఉన్నది మస్జిదె నబవీలోనే. తాను దగ్గర నుంచే పరామర్శించడానికి వీలుగా ఉంటుందని కూడా చెప్పారు.

ఎవరీ రుఫైదా? ఆమెది అస్లమ్ తెగ. కొన్ని గ్రంథాలు అన్సారీ అని కూడా వ్రాశాయి. ఆమె తండ్రి వైద్యుడని, ఆయన వద్దనే ఆమె వైద్యం నేర్చుకున్నదని ఈ కాలపు రచనలలో తరచుగా చదువుతాం. తొలినాటి సీరత్ గ్రంథాలు మాత్రం ఆమె బాల్యం జోలికి పోవు. వాటిలో ఆమె కథ డేరాతోనే మొదలవుతుంది. ఇబ్నె ఇస్‌హాఖ్ ఆమె గురించి వ్రాసింది రెండు మూడు వాక్యాలే. గాయపడిన వారికి ఆమె చికిత్స చేసేది. ముస్లిములలో దిక్కులేక చితికిపోయిన వారి సేవకు తనను తాను అంకితం చేసుకుంది. ప్రతిఫలాన్ని అల్లాహ్ వద్దనే ఆశించింది. చెప్పింది ఇంతే. కానీ ఈ కొద్దిపాటి మాటలలో ఎంత సమాచారం ఉందో, ఆసుపత్రిలో పనిచేసిన వారెవరైనా ఇట్టే గ్రహిస్తారు. గాయం తగిలాక వైద్యుని కోసం వెతుక్కునే పరిస్థితి అక్కడ లేదు. స్థలం ముందే సిద్ధంగా ఉంది. చేసే మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు. గాయపడిన వారితో పాటు, ఎవరూ పట్టించుకోని రోగులు కూడా ఆ డేరాకే వచ్చేవారు.

సాద్ గారి చికిత్స ఎలా సాగిందో హదీసు గ్రంథాలలో అక్కడక్కడ వివరాలున్నాయి. మొదటి పని రక్తం ఆపడం. ప్రవక్త (స) స్వయంగా కాల్చిన బాణపు మొనతో గాయానికి వాత పెట్టారు. చేయి వాచింది. మళ్లీ వాత పెట్టారు. నేటి సర్జన్ రక్తనాళాన్ని పట్టుకుని ముడి వేస్తాడు లేదా కుట్టేస్తాడు. ఆ రోజుల్లో రక్తానికి అడ్డుకట్ట వేసే సాధనాలలో నిప్పు ఒకటి. సాధనం మారింది గానీ వరుస మారలేదు. క్యాజువాల్టీలో పనిచేసే నర్సు నేటికీ మొదట చూసేది ఎక్కడి నుంచి రక్తం ధారగా పోతోందన్నదే. చాలా కాలం ఊపిరి దారి, శ్వాస, రక్తప్రసరణ అనే క్రమంలో చూడమని నేర్పేవారు. ధారగా కారే రక్తం కొద్ది నిమిషాలలోనే ప్రాణం తీయగలదు కనుక, అలాంటి గాయం కంటబడితే ముందు దానిని ఆపి, తరువాతనే మిగతా వరుసకు వెళ్లాలని ఇప్పుడు చెబుతున్నారు.

ఇంతకు రెండేళ్ల ముందు, ఉహుద్ యుద్ధంలోనూ ఇదే జరిగింది. ప్రవక్త (స) ముఖానికి గాయమైంది, పన్ను విరిగింది, శిరస్త్రాణం తలపైనే చితికిపోయింది. హజ్రత్ అలీ (రజి) డాలుతో నీళ్లు తెచ్చి పోస్తుంటే హజ్రత్ ఫాతిమా (రజి) గాయం కడిగారు. నీళ్లు పోసేకొద్దీ రక్తం ఎక్కువైంది. ఆమె వెంటనే పద్ధతి మార్చారు. చాప ముక్క కాల్చి ఆ బూడిదను గాయానికి అంటించారు. రక్తం ఆగింది. చేస్తున్నది పని చేయడం లేదని గుర్తించి మరో ఉపాయానికి మారడం ఈ వృత్తిలో చాలా పెద్ద విషయం. ఇది చదివి ఎవరూ ఇంట్లో బూడిద వెతకవద్దు. శుభ్రమైన గుడ్డను మడిచి గాయం మీద గట్టిగా అదిమి, వదలకుండా పట్టుకోవాలి. మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. గుడ్డ తడిసిపోతే దాని మీదే మరొకటి వేసి అదమాలి. కాఫీ పొడి, పసుపు, సున్నం లాంటివి అద్దితే ఆసుపత్రిలో ముందు వాటిని కడగడానికే సమయం పోతుంది.

మళ్లీ డేరాకు వద్దాం. సాద్ గారు అక్కడ ఉన్నన్నాళ్లూ ప్రవక్త (స) ఉదయం అటు వెళితే ఉదయం, సాయంత్రం వెళితే సాయంత్రం, ఎలా ఉందని అడిగేవారు. సాద్ గారు తన స్థితి చెప్పేవారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) తన అల్ అదబుల్ ముఫ్రద్ గ్రంథంలో ఈ సంగతి నమోదు చేశారు. సాధారణంగా దీనిని పరామర్శ మర్యాదల క్రింద చదువుతాం. నాకు ఇందులో మరొకటి కూడా కనిపిస్తుంది. ప్రమాదంలో గాయపడిన మనిషిని ఒకసారి చూసి, కట్టు కట్టి వదిలేయడానికి లేదు. గంట క్రితం బాగా మాట్లాడిన మనిషి ఇప్పుడు తత్తరపడుతున్నాడంటే, చర్మం చల్లబడి చెమటలు పడుతున్నాయంటే, లోపల ఏదో జరుగుతోందని అర్థం. నాడి, శ్వాస, రక్తపోటు, స్పృహ, మూత్రం ఇవన్నీ మళ్లీ మళ్లీ చూసి, వేళతో సహా వ్రాసిపెట్టడమే నర్సు పనిలో అసలైన భాగం. డాక్టరు వచ్చి వెళ్లిపోతారు. మధ్యలో వచ్చే మార్పును పట్టుకోవలసింది మంచం ప్రక్కన ఉండే మనిషే.

సాద్ గారి విషయంలో ఆ మార్పు ఆలస్యంగా వచ్చింది. శత్రు సేనలు వెళ్లిపోయాయి. బనూ ఖురైజా వారి వ్యవహారంలో తీర్పు చెప్పడానికి ఆయనను పిలిపించారు. గాడిద మీద తోలు దిండు వేసి, ఆయనను దానిపై కూర్చోబెట్టి తీసుకువెళ్లారు. ఆ తీర్పు చరిత్ర వేరే వ్యాసానికి సంబంధించినది. ఆయన మళ్లీ డేరాకే తిరిగి వచ్చారు. అప్పటికి గాయం దాదాపు మానినట్లే ఉంది. ఖురైషులతో పోరాటం ఇంకా మిగిలి ఉంటే తనను బ్రతికించమని, ముగిసిపోయి ఉంటే ఈ గాయాన్నే తన మరణానికి కారణం చేయమని ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ రాత్రి గాయం పగిలింది. మస్జిద్‌లోనే ప్రక్కన బనూ గిఫార్ వారి డేరా ఒకటి ఉండేది. తమవైపు రక్తం పారుతూ రావడం చూసి వారు ఉలిక్కిపడ్డారు. అది ఎక్కడి నుంచి వస్తోందని కేకవేశారు. వెళ్లి చూస్తే సాద్ గారి గాయం. ఆయన అలాగే కన్నుమూశారు. బాణం తగిలి అప్పటికి సుమారు నెల.

రుఫైదా (రజి) పేరు చరిత్రలో నిలిచింది ఆమె బ్రతికించలేకపోయిన ఒక రోగి వల్ల. ఇది గమనించవలసిన విషయం. ఆమె చేతి మీదుగా కోలుకుని ఇళ్లకు వెళ్లిన వారి పేర్లు ఎవరూ వ్రాసిపెట్టలేదు. పైకి మానినట్లు కనిపించే గాయం లోపల చెడి, రోజులు గడిచాక రక్తనాళం మళ్లీ తెగడం నేటి వైద్యులకు తెలిసిన ప్రమాదమే. చీము పట్టకుండా మందులు, ఎక్కించడానికి రక్తం, ఆపరేషన్ బల్ల, ఇవేవీ లేని కాలమది. ఉన్నంతలో నెల రోజులు నిలబెట్టడం చిన్న విషయం కాదు.

ఆమె ఒంటరిగా లేరు. హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి), ఇతర స్త్రీలు యుద్ధాలకు వెళ్లి నీళ్లు అందించేవారు, గాయాలకు కట్లు కట్టేవారు, గాయపడిన వారిని, షహీదులను మదీనాకు చేరవేసేవారు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధాలలో పాల్గొన్నారు. ఆమె విడిదిలో ఉండి వంట చేసేవారు, క్షతగాత్రులకు మందు వేసేవారు, జబ్బుపడిన వారిని చూసుకునేవారు. ఉహుద్ రోజున హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) తోలు తిత్తులు వీపున మోసుకుంటూ పరుగులు తీశారు. నీరు, కట్టు, మోత, తిండి, పడక ఇలా పనులు ఎలా పంచుకున్నారో చూడండి. తుఫానైనా, భూకంపమైనా, రైలు ప్రమాదమైనా సహాయ శిబిరానికి నేటికీ కావలసినవి ఇవే. ఒక్క తేడా చెప్పుకోవాలి. తీవ్రంగా గాయపడి ఆపరేషన్ అవసరం కాగల వారికి ఇప్పుడు నోటి ద్వారా నీళ్లు ఇవ్వరు. మత్తు ఇచ్చినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వారికి సెలైన్ గానీ రక్తం గానీ ఎక్కిస్తారు. దుప్పటి కప్పడం మాత్రం మరవకూడదు. రక్తం పోయిన మనిషి చల్లబడితే, మిగిలిన రక్తం గడ్డకట్టే గుణాన్ని కోల్పోతుంది.

ఒకేసారి పదులమంది గాయపడినప్పుడు ఎవరిని ముందు చూడాలన్నది మరో కఠినమైన ప్రశ్న. నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన లారే అనే ఫ్రెంచి వైద్యుడు హోదాను చూడకుండా గాయం తీవ్రతను బట్టి వరుస నిర్ణయించాడు. వేరు చేయడం అనే అర్థం గల ఫ్రెంచి మాట ట్రయాజ్ నేడు ప్రతి దేశంలోనూ వాడుకలో ఉంది. నడవగలిగిన వారిని ఒక ప్రక్కకు పంపి, మిగిలిన వారికి ఎరుపు, పసుపు చీటీలు కడతారు. అందరికంటే గట్టిగా అరుస్తున్న మనిషికి ఊపిరి ఆడుతోందని అర్థం. చప్పుడు లేకుండా పడి ఉన్నవాడి దగ్గరికి ముందు పరుగెత్తాలి. బంధువులు చుట్టుముట్టి మావాడిని ముందు చూడమని గొడవ చేస్తుంటే ఆ వరుస తప్పకుండా నిలబడటం ఎంత కష్టమో నర్సులకే తెలుసు. రుఫైదా డేరాలో ఔస్ తెగ సర్దారూ, దిక్కులేని పేదలూ ఒకే కప్పు క్రింద ఉన్నారన్న సంగతి ఇక్కడ గుర్తుకు వస్తుంది.

క్రిమియా యుద్ధకాలంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో ఇస్తాంబుల్ దగ్గరి స్కుటారీ ఆసుపత్రికి చేరింది 1854 నవంబరులో. ఆమె గొప్పతనాన్ని తగ్గించవలసిన పని లేదు. మన పిల్లలకు పాఠ్యపుస్తకంలో ఆమె ఒక్కరే కనిపిస్తారు కనుక చెప్పవలసి వస్తోంది. దానికి 1,200 ఏళ్లకు పైగా ముందు మదీనాలో ఒక స్త్రీ యుద్ధక్షతాలకు చికిత్సాలయం నడిపింది.

ఇదంతా పాత చరిత్ర అని ప్రక్కన పెట్టడానికి వీల్లేదు. మన ఇళ్లలో అమ్మాయి నర్సింగ్‌లో చేరతానంటే ఏం జరుగుతుందో పాఠకులకు తెలుసు. అమ్మీ మౌనం వహిస్తుంది, అబ్బా మాట మారుస్తారు, రాత్రి డ్యూటీలు, పరాయి మగవాళ్ల సేవ, రేపు సంబంధాలు ఎలా అని నానీమా మొదలుపెడుతుంది. రాత్రిపూట భద్రత గురించిన ఆందోళన నిజమైనదే. దానిని కొట్టివేయకూడదు, ఆసుపత్రిని అడిగి తేల్చుకోవాలి. కానీ దీన్ పేరు చెప్పి ఈ చదువును అడ్డుకోవడం సరికాదు. స్త్రీ పురుషునికి, పురుషుడు స్త్రీకి వైద్యం చేయవచ్చా అన్న ప్రశ్నకు ఇమామ్ బుఖారీ (రహ్మ) తన సహీహ్‌లో ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. దాని క్రింద ఆయన ఉంచినది రుబయ్యి (రజి) హదీసునే. ఇంటి ఆడవాళ్లను ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు లేడీ నర్సు కావాలని పట్టుబట్టేదీ మనమే. ఆ నర్సు ఎవరో ఒకరి ఇంటి నుంచే కదా రావాలి!

ఢిల్లీలోని జామియా హమ్‌దర్ద్‌లో ఉన్న నర్సింగ్ కళాశాల పేరు రుఫైదా కాలేజీ. బహ్రైన్‌లోని ఐర్లండ్ సర్జన్ల వైద్య విశ్వవిద్యాలయం రోగుల సేవలో రాణించిన నర్సింగ్ విద్యార్థికి ఆమె పేరనే బహుమతి ఇస్తోంది.

ఇక మిగిలింది ఒక చిన్న చిక్కు. ఇబ్నె సాద్ తన తబఖాత్‌లో కుఐబా బిన్తె సాద్ అస్లమియ్యా అనే స్త్రీని పేర్కొన్నారు. ఆమెకూ మస్జిద్‌లో డేరా ఉంది, ఆమె కూడా రోగులకు, గాయపడిన వారికి చికిత్స చేసింది, సాద్ బిన్ ముఆజ్ ఉన్నది ఆమె వద్దనే. ఇద్దరూ ఒకరేనా, అక్కచెల్లెళ్లా అని పండితులు చర్చించారు. తెగ, డేరా, రోగి అన్నీ ఒకటే అయినప్పుడు మనిషి కూడా ఒకరే అనుకోవడం నాకు సబబుగా తోస్తుంది. ఈ కుఐబా హిజ్రీ 7వ ఏట, అంటే 628లో, ఖైబర్ యుద్ధానికి కూడా వెళ్లింది. యుద్ధం ముగిసి సొత్తు పంచినప్పుడు ప్రవక్త (స) ఆమెకు పోరాడిన ఒక పురుషునికి ఇచ్చినంత వాటా ఇచ్చారు.