అలెక్సిస్ కారెల్

అలెక్సిస్ కారెల్ (జూన్ 28, 1873 - నవంబర్ 5, 1944) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రముఖ శస్త్రవైద్యుడు, జీవశాస్త్రవేత్త. తెగిన రక్తనాళాలను కుట్టి కలిపే పద్ధతిని రూపొందించినందుకు, అవయవ మార్పిడి ప్రయోగాలకు గాను ఈయనకు 1912లో వైద్యశాస్త్రములో నోబెల్ బహుమతి లభించింది. గుండె నుండి శరీరానికి రక్తాన్ని చేరవేసే బృహద్ధమనిపై శస్త్రచికిత్స చేసేటప్పుడు కాలము ఎంత కీలకమో ప్రయోగపూర్వకముగా తెలిపిన తొలి వైద్యులలో ఈయన ఒకడు.

బాల్యము, విద్యాభ్యాసము

కారెల్ లియోన్ నగర సమీపములోని సెంత్-ఫ్వా-లే-లియోన్‌లో జన్మించాడు. తండ్రి పట్టు వస్త్రాల వ్యాపారి. కారెల్ ఐదేళ్ళ వయసులో ఉండగా తండ్రి మరణించాడు. ఆ తరువాత తల్లి పెంపకములో పెరిగి, 1900లో లియోన్ విశ్వవిద్యాలయము నుండి వైద్య పట్టా పొందాడు.

రక్తనాళాల కుట్టు

1894 జూన్ 24న లియోన్‌లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో కత్తిపోటుకు గురయ్యాడు. కాలేయానికి రక్తాన్ని చేర్చే ద్వార సిర తెగిపోవడముతో కొద్ది గంటలలోనే మరణించాడు. పెద్ద రక్తనాళాన్ని కుట్టడానికి ఆనాడు నమ్మదగిన పద్ధతి లేదు. అటువంటి గాయాన్ని కుట్టి సరిచేయవచ్చునని యువకుడైన కారెల్ భావించాడు. ఎంబ్రాయిడరీ నిపుణురాలి వద్ద సన్నని సూదితో, పట్టుదారముతో కుట్టడము అభ్యసించాడు. నాళపు అంచును మూడు చోట్ల దారముతో లాగిపట్టి త్రికోణముగా చేసి కుట్టే విధానాన్ని 1902లో ప్రచురించాడు. దీనివలన గుండ్రని నాళము అంచులు తిన్నగా నిలిచి, కుట్టు వేయడము సులభమైనది.

1904లో కారెల్ ఉత్తర అమెరికాకు వెళ్ళాడు. షికాగోలో ఛార్లెస్ గత్రీతో కలసి రక్తనాళాలపై, అవయవ మార్పిడిపై ప్రయోగాలు చేశాడు. 1906లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో చేరాడు.

బృహద్ధమనిపై ప్రయోగాలు

కుక్కలపై చేసిన ప్రయోగాల ఫలితాలను కారెల్ 1910లో ప్రచురించాడు. ఛాతీలోని బృహద్ధమనిని బిగించి రక్తప్రవాహాన్ని ఆపినపుడు అసలు ప్రమాదము గుండెకు గాని, ధమనికి గాని కాదని, నాడీమండలానికని ఈయన గుర్తించాడు. వెన్నుపాముకు కొద్ది నిమిషాలకు మించి రక్తము అందకపోతే కాళ్ళు చచ్చుబడవచ్చు. అందువలన కుట్టు పని సాగుతున్నంతసేపు రక్తాన్ని వేరొక గొట్టము ద్వారా మళ్ళించే ప్రయత్నాలు కూడా చేశాడు.

ఈ ప్రశ్న తరువాతి కాలములో వాహన ప్రమాదాలలో బృహద్ధమని చిరిగిన రోగుల విషయములో ప్రధానమైనది. వేగముగా పోతున్న వాహనము హఠాత్తుగా ఆగినపుడు కలిగే అదటుకు ఈ ధమని చిరగవచ్చు. 1958లో పార్మ్లీ బృందము చేసిన పరిశీలనలో ఇటువంటి రోగులలో 80 శాతానికి పైగా ఆసుపత్రికి చేరకముందే మరణించినట్లు తేలింది. మిగిలినవారికి వెంటనే శస్త్రచికిత్స చేయాలన్న అభిప్రాయము బలపడింది. అయితే తలకు, పొట్టకు కూడా తీవ్ర గాయాలున్న రోగికి తొందరపాటు హాని చేయవచ్చు. రక్తపోటును మందులతో అదుపులో ఉంచి, ప్రాణాపాయకరమైన ఇతర గాయాలకు ముందు చికిత్స చేసే పద్ధతి క్రమముగా వచ్చింది. తొడ ధమని గుండా గొట్టాన్ని పంపి లోపలినుండి అతుకు వేసే విధానము రావడముతో, ఛాతీ తెరిచి ధమనిని బిగించవలసిన అవసరము చాలా వరకు తగ్గింది. రక్తము ధారగా పోతున్న రోగికి మాత్రము జాప్యము పనికిరాదు.

యుద్ధకాల సేవ, వివాదాలు

మొదటి ప్రపంచ యుద్ధములో హెన్రీ డేకిన్‌తో కలసి గాయాలను క్రిమినాశక ద్రవముతో కడిగే కారెల్-డేకిన్ పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1930వ దశకములో విమానచోదకుడు ఛార్లెస్ లిండ్‌బర్గ్‌తో కలసి, శరీరము వెలుపల అవయవాలకు ద్రవాన్ని ప్రసరింపజేసే పంపును తయారుచేశాడు.

1935లో వెలువడిన గ్రంథములో ఈయన జాతి శుద్ధి సిద్ధాంతాన్ని సమర్థించాడు. కొన్ని వర్గాల నేరస్థులను, మతిస్థిమితము లేని నేరస్థులను విషవాయువుతో చంపవచ్చునని సూచించాడు. 1941లో విషీ ప్రభుత్వ మద్దతుతో ఒక పరిశోధనా సంస్థను స్థాపించాడు. ఈ కారణాల వలన ఈయన కీర్తి మసకబారింది. 1990వ దశకములో లియోన్‌లోని వైద్య కళాశాలకు ఉన్న ఈయన పేరును తొలగించారు.

మరణము

కారెల్ 1944 నవంబర్ 5న పారిస్‌లో మరణించాడు. ఈయన సామాజిక భావాలు తిరస్కరణకు గురైనా, రక్తనాళాలను కలిపే కుట్టు సూత్రాలు అవయవ మార్పిడికి, రక్తనాళ శస్త్రచికిత్సకు పునాదిగా నిలిచాయి.